సర్వర్లో ర్యామ్ అసలు ఎవరు తింటున్నారో తేల్చి చెప్పిన ఎస్‌మెమ్ – రెండేళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఎస్‌మెమ్ అంటే ఏ ప్రోగ్రామ్ ఎంత ర్యామ్ వాడుతోందో చూపించే ఫ్రీ టూల్, కమాండ్ లైన్లో నడిచేది, చూడ్డానికి రంగులూ అవీ ఏమీ ఉండవు, కమాండ్ కొడితే ఒక టేబుల్ వస్తుంది అంతే. కానీ లైనక్స్ సర్వర్ మీద పని చేసే ప్రతి ఒక్కళ్ళూ దీన్ని ఒక్కసారైనా రన్ చేసి చూడాలి అని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే పీఎస్, టాప్ అనే కమాండ్లు ఒక్కో ప్రాసెస్‌కీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కీ) చూపించే మెమరీ అంకెల్ని కూడి నేను ఒక వారం మొత్తం తప్పు దారిలో వెతికాను, క్లయింట్ చేత అనవసరంగా డబ్బులు కట్టించేవాణ్ణి కూడా.

కథ ఏంటంటే, ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళ ఆన్‌లైన్ మాక్ టెస్టుల సైట్ నేను చూసుకుంటాను. చిన్న సర్వర్, 4 జీబీ ర్యామ్, 2 కోర్లు. పైథాన్‌లో రాసిన జాంగో యాప్, దాని ముందు రిక్వెస్టులు అందుకునే గునికార్న్ ఐదు వర్కర్లతో (వర్కర్ అంటే పని పంచుకునే ఒక్కో ప్రాసెస్), డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, బ్యాక్‌గ్రౌండ్ పనులకి సెలెరీ నాలుగు వర్కర్లు. వారం అంతా ఈగలు తోలుకుంటుంది, ఆదివారం పొద్దున పదింటికి మాత్రం ఈఏపీసెట్ మాక్ టెస్ట్ అని పిల్లలందరూ ఒకేసారి వచ్చి పడతారు. ఒక ఆదివారం టెస్ట్ మధ్యలో సైట్ మొత్తం ఆగిపోయింది. ఒక నిమిషంలో తనే లేచింది కానీ ఆ నిమిషంలో ఆన్సర్లు సబ్మిట్ చేసిన పిల్లల పరిస్థితి ఆలోచించండి, పేరెంట్స్ ఫోన్లు, సెంటర్ సార్ ఫోన్లు, "ఏంటి బాబూ ఇది, పిల్లలు ఏడుస్తున్నారు" అని ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

డీమెసేజ్ (కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, రాసే లాగ్) చూస్తే విషయం క్లియర్‌గానే ఉంది, అవుట్ ఆఫ్ మెమరీ, ఫలానా పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ని చంపాం అని కెర్నల్ రాసింది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క బ్యాకెండ్ ప్రాసెస్‌ని (ఒక్కో కనెక్షన్‌కీ ఒకటి ఉంటుంది) అలా కిల్ చేస్తే షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చని మెయిన్ ప్రాసెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంపేసి రికవరీ మొదలుపెడుతుంది, అందుకే సైట్ మొత్తం పడింది. అంతవరకు బాగానే అర్థమైంది. ర్యామ్ ఎవరు తిన్నారు అన్నదే ప్రశ్న.

అందరూ చేసే పనే నేనూ చేశాను. పీఎస్ ఏయూఎక్స్ కొట్టి ఆర్‌ఎస్‌ఎస్ (ఒక్కో ప్రాసెస్‌కీ చూపించే ర్యామ్ లెక్క) ప్రకారం పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేశాను. పైన అన్నీ పోస్ట్‌గ్రెస్‌లే! ఒక్కోటి 400, 500 ఎంబీ, ఒకటైతే 800 దాటింది. టాప్‌లో షిఫ్ట్ ఎమ్ కొట్టి చూసినా అదే వరస, హెచ్‌టాప్‌లోనూ అదే. హోస్టింగ్ సపోర్ట్ వాళ్ళని అడిగితే వాళ్ళూ ఆ లిస్టే చూసి డేటాబేస్‌కి మెమరీ చాలట్లేదు, 8 జీబీ ప్లాన్‌కి వెళ్ళండి అన్నారు. నేను కూడా సరే అనుకుని క్లయింట్‌కి చెప్పబోతూ ఊరికే ఆ పోస్ట్‌గ్రెస్ లైన్లలోని అంకెలన్నీ కూడి చూశాను. 20 కనెక్షన్లు, మొత్తం దాదాపు 9 జీబీ వచ్చింది. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్లో 9 జీబీ ఎక్కడ పడుతుంది? స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) కూడా లేదు. అప్పుడు తెలిసింది నేను చూస్తున్న లెక్కే తప్పు అని, ఎస్‌మెమ్ దొరికింది అప్పుడే.

ఆర్‌ఎస్‌ఎస్ ఎందుకు అలా చూపిస్తుందో ఒక ఉదాహరణతో చెప్తాను, నాకు అలాగే ఎక్కింది. అమీర్‌పేటలో ముగ్గురు కుర్రాళ్ళు ఒక రూమ్ తీసుకున్నారు, అద్దె 12,000. ఒక్కొక్కణ్ణీ విడిగా పిలిచి "నువ్వుండే రూమ్ అద్దె ఎంత రా" అంటే ముగ్గురూ 12,000 అనే చెప్తారు, అబద్ధం కాదు. కానీ ముగ్గురివీ కూడితే 36,000 అవుతుంది, ఓనర్‌కి వచ్చేది 12,000 మాత్రమే. ఆర్‌ఎస్‌ఎస్ ఆ లెక్క. ఆ ప్రాసెస్ ముట్టుకున్న పేజీల్లో (కెర్నల్ మెమరీని పంచే చిన్న ముక్కలు) ర్యామ్‌లో ఉన్నవన్నీ దాని ఖాతాలోనే వేస్తుంది, అవి ఇంకో పదిమందితో పంచుకున్నవైనా సరే. పీఎస్‌ఎస్ అంటే తలా 4,000 వేసుకోవడం, షేర్ చేసుకున్న ప్రతి పేజీని ఎంతమంది వాడుతుంటే అంతమందికీ సమానంగా పంచుతుంది, కాబట్టి పీఎస్‌ఎస్‌లు ఎన్ని కూడినా ర్యామ్‌ని మించి పోవు. ఇక యూఎస్‌ఎస్ అంటే వాడి సొంత ఖర్చు, వాడి మెస్ బిల్లు, వాడి బండి పెట్రోలు. వాడు రూమ్ ఖాళీ చేసి వెళ్తే అద్దె తగ్గదు, ఆ సొంత ఖర్చు ఒక్కటే తగ్గుతుంది. అంటే ఒక ప్రాసెస్‌ని కిల్ చేస్తే ఎంత ర్యామ్ ఖాళీ అవుతుంది అన్నదానికి యూఎస్‌ఎస్సే జవాబు. ఇంకోటి, ఒకడు వెళ్ళిపోతే మిగిలిన ఇద్దరికీ తలా 6,000 పడుతుంది కదా, అలాగే ఒక వర్కర్‌ని ఆపేస్తే మిగతావాటి పీఎస్‌ఎస్ కొంచెం పెరుగుతుంది, అది చూసి లీక్ అని కంగారు పడకండి, వాటా మారింది అంతే.

పీఎస్‌లోనే కనిపించే ఇంకో అంకె వీఎస్‌జెడ్, దాని గురించి ఎక్కువ చెప్పను. అది ప్రాసెస్ అడ్రసులుగా రిజర్వ్ చేసుకున్నది మాత్రమే, అందులో ముట్టుకోనివాటికి ర్యామ్ ఉండదు. థ్రెడ్లు ఎక్కువున్న ప్రోగ్రామ్‌లో మామూలు గ్లిబ్‌సీ మాలాక్ (ప్రోగ్రామ్‌కి మెమరీ అడిగి తెచ్చే లైబ్రరీ కోడ్) ఒక్కో ఎరీనాకి (అది విడిగా నడిపే మెమరీ గుంపుకి) 64 ఎంబీ చొప్పున అడ్రస్ స్పేస్ పక్కన పెట్టుకుంటుంది, అందుకే చిన్న ప్రోగ్రామ్ కూడా జీబీల్లో కనిపిస్తుంది. దాన్ని చూసి భయపడి సర్వర్లు మార్చేవాళ్ళని చూశాను, పాపం.

సరే ఎస్‌మెమ్ దగ్గరికి వద్దాం. రాసింది మ్యాట్ మ్యాకాల్, 2005లో మెర్క్యూరియల్ అనే వెర్షన్ కంట్రోల్ మొదలుపెట్టిన ఆయనే, లైనక్స్ కెర్నల్లో మెమరీ వైపు కూడా పని చేసినాయన. ఇది ఒక పైథాన్ స్క్రిప్ట్. ప్రాక్ (కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపించే ఫోల్డర్) కింద ప్రతి ప్రాసెస్‌కీ ఎస్‌మ్యాప్స్ అని ఒక ఫైల్ ఉంటుంది, అందులో ఆ ప్రాసెస్ మ్యాప్ చేసుకున్న ఒక్కో ముక్కకీ ఎంత షేర్డ్, ఎంత ప్రైవేట్, వాటా ఎంత అని కెర్నలే రాసిపెడుతుంది. ఎస్‌మెమ్ వాటన్నిటినీ చదివి కూడి ఒక్క లైన్లో పెడుతుంది. ఉబుంటు, డెబియన్ అయితే ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎస్‌మెమ్ అంటే వచ్చేస్తుంది, రెడ్ హ్యాట్ వైపు వాళ్ళకి ఎపెల్ అనే అదనపు ప్యాకేజీల రిపోలో దొరుకుతుంది.

నేను రోజూ కొట్టేది సుడో ఎస్‌మెమ్ (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపడం), వెనకాల టీ కె ఆర్ అని మూడు ఆప్షన్లు. టీ అంటే కింద మొత్తం వేస్తుంది, కె అంటే కిలోబైట్ల పొడుగు అంకెలు కాకుండా ఎంబీ జీబీల్లో చూపిస్తుంది, ఆర్ అంటే పెద్దది పైకి. ఈ ఆర్ పెట్టకపోతే పెద్దవి అడుగున వస్తాయి. కాలమ్స్ వరసగా పీఐడీ (ప్రాసెస్ నంబరు), యూజర్, కమాండ్, స్వాప్, యూఎస్‌ఎస్, పీఎస్‌ఎస్, ఆర్‌ఎస్‌ఎస్. మూడు లెక్కలూ పక్కపక్కనే ఉండటం ఎంత మేలో చెప్పలేను, ఆర్‌ఎస్‌ఎస్ 450 ఎంబీ, దాని పక్కనే యూఎస్‌ఎస్ 8 ఎంబీ అని కనిపించగానే ఇంకెవరూ ఏమీ వివరించక్కర్లేదు.

తర్వాతి ఆదివారం నేను పొద్దున తొమ్మిదిన్నర నుంచే నిమిషానికోసారి దీన్ని క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపేది) పెట్టి ఫైల్లోకి రాయించాను. పదీ ఇరవైకి ఫైల్ తెరిచి చూస్తే మొత్తం బొమ్మే మారిపోయింది. పీఎస్‌లో 9 జీబీ అని చూపించిన పోస్ట్‌గ్రెస్ మొత్తం కలిపి పీఎస్‌ఎస్‌లో 1.2 జీబీ! ఎందుకంటే షేర్డ్ బఫర్స్ అని 1 జీబీ మేమే ఇచ్చాం, ఆ ఒక్క జీబీనే 20 బ్యాకెండ్లూ పంచుకుంటున్నాయి, ఒక్కో దాని సొంతం పది ఎంబీ కూడా లేదు. గునికార్న్ వర్కర్లు ఐదూ కలిపి 0.9 జీబీ. మరి సెలెరీ? పీఎస్ లిస్టులో ఎక్కడో పోస్ట్‌గ్రెస్‌ల కింద కనిపించే ఆ నాలుగు వర్కర్లూ ఒక్కోటి యూఎస్‌ఎస్ 370 ఎంబీ, నాలుగూ కలిపి దాదాపు ఒకటిన్నర జీబీ. రీస్టార్ట్ చేసినప్పుడు అవి ఒక్కోటి 90 ఎంబీ ఉండేవి. నిమిషాల వారీగా ఫైల్ చూస్తే మెట్లు ఎక్కినట్టు పెరుగుతూనే ఉంది, రిజల్ట్ పీడీఎఫ్ తయారైన ప్రతిసారీ కొంచెం కొంచెం.

అక్కడికక్కడే సెలెరీని రీస్టార్ట్ చేశాను, టెస్ట్ ప్రశాంతంగా అయిపోయింది. తర్వాత కోడ్ చూస్తే పీడీఎఫ్ తయారుచేసే ఫైల్లో మాడ్యూల్ లెవెల్లో ఒక డిక్షనరీ, మళ్ళీ మళ్ళీ చదవకుండా ఉండటానికని ప్రతి స్టూడెంట్ ఫోటో అందులో దాచుకుంటోంది, తీసేసేది ఎవరూ లేరు. నాతో పని చేసే తమ్ముడు రాశాడు, "అన్నా స్పీడ్ కోసం పెట్టా అన్నా" అన్నాడు, వాడి ఉద్దేశం మంచిదే. అది తీసేశాం, ముందు జాగ్రత్తగా సెలెరీలో ఒక్కో చైల్డ్‌కి మెమరీ లిమిట్ పెట్టే సెట్టింగ్ కూడా పెట్టాం, 200 ఎంబీ దాటితే చేతిలో ఉన్న పని పూర్తయ్యాక ఆ వర్కర్‌ని తీసేసి కొత్తది పెడుతుంది.

మరి తిన్నది సెలెరీ అయితే కెర్నల్ పోస్ట్‌గ్రెస్‌ని ఎందుకు చంపింది? నన్ను చాలా బాధపెట్టిన విషయం ఇది. కెర్నల్ ఎవర్ని చంపాలో ఎంచుకునేటప్పుడు చూసేది ఆర్‌ఎస్‌ఎస్, స్వాప్, పేజ్ టేబుల్స్ కలిపిన లెక్క, దానిమీద అడ్జస్ట్‌మెంట్ ఏదైనా పెట్టి ఉంటే అది. షేర్డ్ మెమరీ కూడా అందులో పూర్తిగా కలుస్తుంది. షేర్డ్ బఫర్లు ఎక్కువగా ముట్టుకున్న బ్యాకెండ్ 800 ఎంబీతో పెద్దగా కనిపించింది, 400 దగ్గరున్న సెలెరీ చిన్నగా కనిపించింది. ఆ బ్యాకెండ్‌ని చంపితే ఖాళీ అయ్యేది పది ఎంబీ కూడా కాదు! తప్పు చేసినవాడు ఒకడు, దెబ్బ తిన్నవాడు ఇంకొకడు. డీమెసేజ్ లైన్లో అనాన్ ఆర్‌ఎస్‌ఎస్, ఫైల్ ఆర్‌ఎస్‌ఎస్, షెమ్ ఆర్‌ఎస్‌ఎస్ అని విడివిడిగా రాసి ఉంటుంది, నేను మొదటిరోజే ఆ షెమ్ (షేర్డ్ మెమరీ) దగ్గరున్న పెద్ద అంకె గమనించి ఉంటే వారం మిగిలేది. మీరు మాత్రం తప్పకుండా గమనించండి.

ఎస్‌మెమ్ వల్ల వచ్చిన ఇంకో లాభం గునికార్న్ విషయంలో. వర్కర్ల యూఎస్‌ఎస్, ఆర్‌ఎస్‌ఎస్ దాదాపు దగ్గరగా ఉన్నాయి, అంటే ఐదుగురూ ఒకే యాప్‌ని ఎవరికి వాళ్ళు విడిగా లోడ్ చేసుకుంటున్నారు, ఏమీ పంచుకోవట్లేదు. ప్రీలోడ్ ఆప్షన్ పెట్టాం, అప్పుడు మాస్టర్ ఒక్కసారి యాప్ లోడ్ చేసి తర్వాత ఫోర్క్ చేస్తుంది (తననే కాపీ చేసి వర్కర్లని పుట్టిస్తుంది), పేజీలు రాయనంతవరకు అందరివీ ఒకటే. పైథాన్‌తో చిక్కేంటంటే ఆబ్జెక్ట్‌ని ఊరికే చదివినా రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) మారుతుంది, దాంతో ఆ పేజీ కాపీ అయిపోతుంది, గార్బేజ్ కలెక్టర్ (వాడని ఆబ్జెక్టుల్ని ఏరేసేది) తిరిగినప్పుడు కూడా అంతే. కలెక్టర్ వైపు నుంచి వచ్చే నష్టం తగ్గించడానికే పైథాన్ 3.7లో జీసీ ఫ్రీజ్ అనే ఫంక్షన్ ఇచ్చారు, ఫోర్క్‌కి ముందు దాన్ని పిలిస్తే కొంత నయం. ఈ రెండూ చేశాక 0.9 జీబీ ఉన్న గునికార్న్ మొత్తం పీఎస్‌ఎస్ 0.6కి వచ్చింది. విచిత్రం ఏంటంటే ఈ మార్పు ఆర్‌ఎస్‌ఎస్‌లో దాదాపు కనిపించలేదు, పీఎస్ మాత్రమే చూసేవాళ్ళు అయితే ఏమీ లాభం లేదని ఆప్షన్ తీసేసేవాళ్ళు. డేటాబేస్ కనెక్షన్లు మాత్రం ఫోర్క్‌కి ముందు తెరిచి ఉంచకండి, ఒకే సాకెట్‌ని ఇద్దరు వాడుకుని గొడవ అవుతుంది.

ఇప్పుడు నచ్చనివి, ఇవి కూడా ఉన్నాయి.

మొట్టమొదటిది, సుడో లేకుండా కొడితే మీ యూజర్ ప్రాసెస్‌లు మాత్రమే చూపిస్తుంది, మిగతావాటి ఎస్‌మ్యాప్స్ చదివే పర్మిషన్ ఉండదు కాబట్టి. అది న్యాయమే కానీ కొన్ని ప్రాసెస్‌లు వదిలేశాను అని ఒక్క ముక్క గట్టిగా చెప్పాలి కదా, చెప్పదు, కింద టోటల్ మాత్రం నిండుగా వేసి చూపిస్తుంది. కొత్తవాళ్ళు ఆ టోటల్ నమ్మేస్తారు. దీనికి నేను ఒక పాయింట్ కట్ చేస్తున్నా.

రెండోది, నెమ్మది. టాప్ లాగా కళ్ళముందు కదులుతూ ఉండదు, ఒకసారి చదివి ఒకసారి ప్రింట్ చేస్తుంది. వాచ్ కమాండ్‌తో కలిపి వాడొచ్చు కానీ రెండు సెకన్లకోసారి పెట్టకండి, పెద్ద పెద్ద ప్రాసెస్‌లు, వేల మ్యాపింగ్స్ ఉన్న మెషీన్లో ఎస్‌మ్యాప్స్ చదవడం కెర్నల్‌కి బరువైన పని, పేజ్ టేబుల్స్ అంతా నడవాలి. నిమిషానికోసారి చాలు. ఒక్క ప్రాసెస్ లెక్క మాత్రమే కావాలంటే లైనక్స్ 4.14 నుంచి ఎస్‌మ్యాప్స్ రోలప్ అని ఇంకో ఫైల్ ఉంది, క్యాట్ చేస్తే మొత్తాలు మాత్రమే వస్తాయి, పైథాన్ కూడా అక్కర్లేదు.

మూడోది చిన్నదే. పెద్ద పీ ఆప్షన్‌తో పేరు ఇచ్చి ఫిల్టర్ చేస్తే, ఉదాహరణకి సెలెరీ అని ఇస్తే, ఎస్‌మెమ్ సొంత లైన్ కూడా లిస్టులోకి వచ్చేస్తుంది, దాని కమాండ్‌లో కూడా ఆ పదం ఉంటుంది కాబట్టి. టోటల్‌లో ఆ పది ఎంబీ కలుస్తుంది, పెద్ద తేడా కాదు, తెలిసి ఉంటే చాలు.

నాలుగోది కొంచెం సీరియస్. పోస్ట్‌గ్రెస్‌కి హ్యూజ్ పేజెస్ (మామూలుకన్నా పెద్ద సైజు పేజీలు) ఇచ్చి ఉంటే ఆ మెమరీ ఆర్‌ఎస్‌ఎస్‌లోనూ రాదు పీఎస్‌ఎస్‌లోనూ రాదు, కెర్నలే దాన్ని వేరే లైన్లలో రాస్తుంది, కాబట్టి ఎస్‌మెమ్‌లో డేటాబేస్ చాలా సన్నగా కనిపించి ర్యామ్ మాత్రం మాయమైనట్టు ఉంటుంది. అలాంటి సెటప్ ఉన్నవాళ్ళు ప్రాక్ కింద మెమ్ఇన్ఫోలో హ్యూజ్ పేజెస్ లైన్లు కూడా చూసి కలుపుకోండి.

ఇంకా, ప్రాసెస్ లోపల ఏ ఫంక్షన్ తింటోంది అని ఇది చెప్పదు, అది ఆశించకండి. ఎవరు తింటున్నారో తెలిశాక ఎక్కడ తింటున్నారో చూడాలంటే పీమ్యాప్ మైనస్ ఎక్స్ కొట్టి పీఐడీ ఇస్తే మ్యాపింగ్ వారీగా చూపిస్తుంది, హీప్‌లో ఉందా, లైబ్రరీలో ఉందా, ఫైల్ మ్యాపింగా అని తెలుస్తుంది. జావా వాళ్ళయితే మ్యాక్స్ హీప్ 1 జీబీ పెట్టాం ఇంకా ఎందుకు పెరుగుతోంది అని అడుగుతుంటారు, హీప్ బయట మెటాస్పేస్, థ్రెడ్ స్టాక్‌లు, కోడ్ క్యాష్, డైరెక్ట్ బఫర్లు ఉంటాయి, వాటికి జావాలోనే నేటివ్ మెమరీ ట్రాకింగ్ ఆన్ చేసి జేసీఎమ్‌డీతో చూసుకోవాలి. ఎస్‌మెమ్ ఇచ్చేది మొత్తం అంకె వరకే.

హెచ్‌టాప్‌తో పోలిక అడుగుతారు కాబట్టి ఒక మాట. హెచ్‌టాప్ నాకు చాలా ఇష్టం, రోజంతా ఒక ట్యాబ్‌లో తెరిచే ఉంటుంది, సీపీయూ చూడ్డానికి, ట్రీ చూడ్డానికి దాన్ని మించింది లేదు. కానీ మామూలుగా థ్రెడ్‌లని కూడా వేరే వేరే లైన్లుగా చూపిస్తుంది, ఒకే ప్రాసెస్ మెమరీ పది లైన్లలో కనిపిస్తే పది రెట్లు అనుకుంటారు, పెద్ద హెచ్ నొక్కి వాటిని దాచేసి చూడండి. రెండూ ఉంచుకోండి, లెక్క తేల్చాల్సినప్పుడు మాత్రం ఎస్‌మెమ్.

నా రేటింగ్ 5కి 4. సుడో లేనప్పుడు గట్టిగా హెచ్చరించి ఉంటే మొత్తం 5 ఇచ్చేవాణ్ణి. 8 జీబీ ప్లాన్ మేము తీసుకోలేదు, అదే 4 జీబీ సర్వర్ మీద ఆదివారం టెస్ట్ నడుస్తోంది, టెస్ట్ పీక్‌లో ఉన్నప్పుడు ర్యామ్ ఎంత మిగిలిందో చూపించే ఫ్రీ అనే కమాండ్‌లో అవైలబుల్ కాలమ్ 1.3 జీబీ చూపిస్తోంది. సెంటర్ సార్‌కి ఆ ఫైల్ ప్రింట్ తీసి చూపించాను, అంకెలన్నీ ఆయనకి అర్థం కావు కానీ రూమ్ అద్దె లెక్క చెప్తే వెంటనే అందుకున్నారు, ఆయన కూడా ఒకప్పుడు అమీర్‌పేటలో నలుగురితో రూమ్‌లో ఉన్నవారే.

రౌటర్లు, చిన్న బోర్డుల మీద పని చేసేవాళ్ళకి ఒక్క విషయం, పైథాన్ లేని మెషీన్ అని వదిలేయకండి. దీనితోపాటు ఎస్‌మెమ్‌క్యాప్ అని చిన్న సీ ప్రోగ్రామ్ ఉంది, దాన్ని కంపైల్ చేసి బోర్డు మీద రన్ చేస్తే ప్రాక్‌లోంచి కావాల్సినవన్నీ ఒక టార్ ఫైల్‌గా ఇస్తుంది, ఆ ఫైల్ మీ ల్యాప్‌టాప్‌కి తెచ్చుకుని ఎస్‌మెమ్‌కి పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఇస్తే అదే టేబుల్ ఇక్కడ చూసుకోవచ్చు.